టీవీ వంట ఒక పూటకు, ఇంటి వంట ఒక నెలకు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

క్లుప్తంగా: టీవీ వంటల షో ఒక్కో వంటకాన్ని విడిగా చూపిస్తుంది. ఇంటి బడ్జెట్ వారానికో నెలకో నడుస్తుంది. సరుకులు మిగిలిపోవడం, ఖర్చు పెరగడం, టైమ్ చాలకపోవడం అన్నీ ఈ తేడా నుంచే పుడుతున్నాయి. రెసిపీని యథాతథంగా దించుకుంటే ఈ షోలు పొదుపు చేసేవాళ్లకు పెద్దగా కలిసిరావు. అందులో కనిపించే పద్ధతులు మాత్రం ఎవరికైనా పనికొస్తాయి, వాటికి పైసా ఖర్చు లేదు.

షో చూసి, కావలసినవి రాసుకుని, సరుకులు తెచ్చి, చెప్పినట్టే చేసి, చివరికి లెక్క చూసుకుంటే బయట తిన్నదానికంటే ఎక్కువైందని తేలడం చాలామందికి అనుభవమే. షోలో "ఇంట్లో ఉన్నవాటితోనే చేసేయొచ్చు" అని ధీమాగా చెప్తారు, ఇక్కడ చూస్తే ఆ ఇంట్లో ఉన్నవాటిలో సగం ఈ ఇంట్లో ఉండవు. తప్పు వండినవాళ్లదా, చూపించినవాళ్లదా అని వాదించుకునే ముందు ఆ కార్యక్రమం ఎలా తయారవుతుందో, ఎవరి కోసం తయారవుతుందో చూస్తే విషయం చాలావరకు తేటపడుతుంది.

చెంచా లెక్క, సీసా లెక్క

ముందు డబ్బు సంగతి. ఒక రెసిపీలో 50 మిల్లీలీటర్ల క్రీమ్, ఒక చెంచా సాస్, సగం కట్ట ఆకులు కావాలనుకుందాం. షోలో గానీ దానికి అనుబంధంగా వచ్చే పుస్తకంలో గానీ "మనిషికి ఇంత పడుతుంది" అని చెప్పేటప్పుడు వాడిన 50 మిల్లీలీటర్లకే ఖరీదు కడతారు. దుకాణంలో క్రీమ్ 200 మిల్లీలీటర్ల డబ్బాగానే దొరుకుతుంది, సాస్ సీసాగానే దొరుకుతుంది, ఆకులు కట్టగానే దొరుకుతాయి. అంటే ఆ పూటకు చేతిలోంచి పోయే డబ్బు షో చెప్పినదానికి నాలుగింతలు కావచ్చు, సాస్ విషయంలోనైతే ఇరవై ముప్ఫై ఇంతలు కూడా కావచ్చు.

ఇది మోసం అనడానికి లేదు. మిగిలిన 150 మిల్లీలీటర్లూ పాడవకముందే వాడేస్తే షో చెప్పిన లెక్క నిజమే అవుతుంది. చిక్కంతా ఆ "వాడేస్తే" దగ్గరుంది. రేపటి ఎపిసోడ్‌లో మళ్లీ అదే క్రీమ్ రాదు, వస్తే చూసేవాళ్లు ఛానెల్ మార్చేస్తారు. టీవీకి రోజూ కొత్తది కావాలి, పొదుపు చేసే వంటగదికి మాత్రం అదే సరుకు మళ్లీ మళ్లీ తిరగాలి. ఒక ఆకుకూర కట్ట తెస్తే అది మూడు పూటల్లో మూడు రకాలుగా ఖర్చయిపోవాలి. ఈ రెండు అవసరాలూ ఎదురెదురు దిక్కులకు లాగుతాయి కాబట్టి మూడు షోలు చూసి మూడు వంటలు చేసిన ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో మూడు సగం సీసాలు చేరతాయి, అవి అక్కడే గడువు తీరిపోయి ఏదో ఒక శుభ్రం చేసే రోజున చెత్తబుట్టకు చేరతాయి.

మొత్తం ఆహార వృథాలో ఇళ్ల వాటా చిన్నదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి పారేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ల నుంచే. దీన్నంతా వంటల షోల మీదకు నెట్టడం అన్యాయం, వృథాకు కారణాలు బోలెడు. కానీ ఒక్క వంటకం కోసమని సరుకు కొనే అలవాటు ఆ కారణాల్లో ఒకటి, ఆ అలవాటును షోలు బాగానే పెంచుతున్నాయి.

ఇందులో అంతగా మాట్లాడుకోని కోణం ఇంకొకటుంది. ఒకే రెసిపీ అందరికీ ఒకే ఖర్చు కాదు. ఏళ్ల తరబడి వండుతున్న ఇంట్లో దినుసుల డబ్బాలు నిండుగా ఉంటాయి, అక్కడ కొత్త వంటకానికి ఒకటో రెండో వస్తువులు కొంటే చాలు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, ఉద్యోగం కోసం వచ్చి గది తీసుకున్నవాళ్లు, నూనె నుంచి మొదలుపెట్టి అన్నీ కొనుక్కోవాలి. షో సాయం ఎక్కువ అవసరమయ్యేది వీళ్లకే, షో లెక్క ఎక్కువగా తప్పేదీ వీళ్లకే.

ఉల్లిపాయ అయిదు నిమిషాల్లో ఎర్రబడదు

అరగంట షో అంటే ప్రకటనలు పోను చేతికొచ్చేది 22 నిమిషాలు, కాస్త అటూ ఇటూ. అందులోనే పలకరింపు, రెండు మూడు వంటకాలు, రుచి చూసి ఆహా అనడం అన్నీ సరిపోవాలి. అందుకని కూరగాయలు ముందే తరిగి చిన్న చిన్న గిన్నెల్లో సర్ది ఉంటాయి. గంటసేపు ఉడకాల్సింది ఉడుకుతూ ఉండగానే "ఇదిగో ముందే చేసి పెట్టాం" అంటూ రెండో గిన్నె బయటికి వస్తుంది. అంటే ఒకే వంటకం వేర్వేరు దశల్లో రెండు మూడు సార్లు వండి సిద్ధంగా పెడతారన్నమాట. ఈ పనికి తెర వెనక ప్రత్యేకంగా మనుషులుంటారు, గిన్నెలు కడిగేదీ వాళ్లే. ఇంట్లో ఆ పన్నెండు చిన్న గిన్నెలూ ఎవరు కడుగుతారన్నది ఏ ఎపిసోడూ చెప్పదు.

ఎడిటింగ్‌లో టైమ్ ఎంత నలిగిపోతుందో తెలియడానికి ఉల్లిపాయ మంచి ఉదాహరణ. "ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా అయిదు నిమిషాలు" అనే మాట షోల్లోనూ పుస్తకాల్లోనూ తరచూ కనిపిస్తుంది. ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీళ్లే. అరకిలో తరిగి మూకుట్లో వేస్తే వేసింది చాలావరకు నీళ్లే, సుమారు 445 గ్రాములు. ముక్కల్లో తడి ఉన్నంతసేపూ వాటి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రబడటం ఊపందుకోవాలంటే 140 డిగ్రీల దాకా వెళ్లాలి. కాబట్టి ముందు నీళ్లు పోవాలి. ఒక గ్రాము మరుగుతున్న నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 జౌళ్ల శక్తి కావాలి, ఆ 445లో 300 గ్రాములు పోవాలంటే దాదాపు 6 లక్షల 80 వేల జౌళ్లు. ఇంట్లో మామూలు గ్యాస్ బర్నర్ 2 కిలోవాట్లనుకుని, అందులో సగం వేడి మూకుడుకు చేరిందనుకున్నా, సెకనుకు 1,000 జౌళ్లు. లెక్క వేస్తే 680 సెకన్లు, అంటే 11 నిమిషాల పైమాటే. అదీ మంట పూర్తిగా పెట్టి ఉంచితే. అలా పెడితే అంచులు మాడతాయి కాబట్టి మంట తగ్గించాల్సిందే, తగ్గిస్తే ఇరవై నిమిషాలు, ఇంకా ఎక్కువ.

హోటల్ వంటగదిలో బర్నర్ల శక్తి దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, స్టూడియోలోనూ వెడల్పాటి పెనాలు, బలమైన మంటలు ఉంటాయి, చేసేది కూడా తక్కువ మోతాదే. ఇంట్లో చిన్న మూకుట్లో నలుగురికి సరిపడా ఒకేసారి వేస్తే ముక్కలు వేగకముందే ఉడికిపోతాయి. అప్పుడు "షోలోలాగా రాలేదు" అనుకుని రెసిపీ మీదో చేతి మీదో అనుమానం పడతారు. నిజానికి తేడా వచ్చింది మంట దగ్గర.

టైమ్‌ను బడ్జెట్ లెక్కలోకి ఎందుకు తేవాలంటే రెండు కారణాలు. పొయ్యి మండినంతసేపూ ఇంధనం ఖర్చే, అది కనిపించే ఖర్చు. కనిపించనిది ఇంకోటి: పనినుంచి అలసి వచ్చి అరగంటలో అయిపోతుందనుకుని మొదలుపెట్టిన వంట గంటన్నర పడితే, ఆ వారంలో మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాలనిపించదు, ఫోన్ తీసి బయటి నుంచి తెప్పించేస్తారు. అలా కొన్నాక తెచ్చిపెట్టుకున్న మిగతా కూరగాయలు కూడా వాడిపోతాయి. ఒక పూట తప్పిన అంచనా రెండు ఖర్చులుగా తిరిగొస్తుంది.

ఒకప్పుడు ఇవి పొదుపు పాఠాలే

చరిత్ర చూస్తే విచిత్రంగా ఉంటుంది. బీబీసీ టెలివిజన్‌లో ఫిలిప్ హార్బెన్ 1946లో వంటల కార్యక్రమం మొదలుపెట్టే నాటికి బ్రిటన్‌లో ఆహార రేషనింగ్ నడుస్తోంది, అది పూర్తిగా ఎత్తేసింది 1954లో. మనిషికి ఇన్ని గ్రాములని కొలిచి ఇచ్చే రోజుల్లో వంట చూపించాలంటే ఉన్న కాస్తతో ఏం చేయొచ్చన్నదే అసలు విషయం. యుద్ధం తర్వాతి ఆ టీవీ వంట నడిచింది కొరతలోనే.

అమెరికాలో 1963లో జూలియా చైల్డ్ షో వచ్చింది, బోస్టన్‌లోని ప్రజా ప్రసార కేంద్రం నుంచి. ఆమె చూపించింది ఫ్రెంచి వంట, అదేమీ చవకైన వ్యవహారం కాదు. కానీ మధ్యలో ఆపకుండా దాదాపు ఒకే ఊపులో చిత్రీకరించేవారు కాబట్టి చేజారినవి, విరిగినవి, గిన్నె బయట పడినవి అన్నీ తెరమీదే కనిపించేవి. పొరపాటు జరిగితే దాన్నెలా సర్దుకోవాలో చూసేవాళ్లకు తెలిసేది. ఇంట్లో వండేవాళ్లకు అంతకంటే పనికొచ్చే పాఠం తక్కువ, ఎందుకంటే చెడిపోయిన వంటను పారేయకుండా నిలబెట్టుకోవడం కూడా పొదుపే.

దిశ మారింది 1990ల్లో. బ్రిటన్‌లో 1990లో మాస్టర్‌షెఫ్ పోటీ మొదలైంది. 1993లో అమెరికాలో ఇరవై నాలుగు గంటలూ ఆహారమే చూపించే ఫుడ్ నెట్‌వర్క్, జపాన్‌లో ఐరన్ షెఫ్ అనే వంట పోటీ వచ్చాయి. మాస్టర్‌షెఫ్ 2005లో కొత్త రూపంలో మళ్లీ మొదలై, 2009లో ఆస్ట్రేలియాకు వెళ్లి, అక్కడి నుంచి దేశదేశాలకూ పాకింది. పగటిపూట నోట్‌బుక్ పట్టుకుని చూసే కార్యక్రమాలు రాత్రిపూట సోఫాలో కూర్చుని చూసే కార్యక్రమాలయ్యాయి. ఛానెల్ వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. వండేవాళ్లు కొందరే, తినేవాళ్లు అందరూ. ప్రకటనకర్తకు అందరూ కావాలి. కాబట్టి వండేవాడికి చెప్పడం తగ్గి, తినేవాడికి చూపించడం పెరిగింది.

అమెరికన్ రచయిత మైకేల్ పోలన్ 2009లో రాసిన ఒక వ్యాసంలో ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపారు: అమెరికన్లు వంటకు వెచ్చించే సమయం రోజుకు సగటున 27 నిమిషాలకు పడిపోయింది, జూలియా చైల్డ్ తెరమీదకు వచ్చిన కాలంతో పోలిస్తే ఇది సగం కంటే తక్కువ, వంటల షోలు చూసే సమయం మాత్రం పెరుగుతూ పోయింది. ఒకటి రెండోదానికి కారణమని దీన్నిబట్టి తేల్చలేం. చూడటం పెరిగినంత మాత్రాన వండటం పెరగదని మాత్రం తెలుస్తుంది.

స్పాన్సర్లను అంటే సరిపోతుందా?

"పాత మూకుడు చాలు, సగం నూనె తగ్గించండి, ఆ సాస్ లేకపోయినా పర్లేదు" అని రోజూ చెప్పే షోకు ప్రకటనలు దొరకడం కష్టం. మిక్సీల కంపెనీ, నూనెల కంపెనీ, నాన్‌స్టిక్ గిన్నెల కంపెనీ డబ్బులిచ్చేది వాటిని వాడి చూపిస్తారనే. ఇది అందరికీ తెలిసిన సంగతే.

అయితే కథ అంతటితో అయిపోదు. బ్రిటన్‌లో వంటల రచయిత్రి డెలియా స్మిత్ షోలు వచ్చేది ప్రకటనలే లేని బీబీసీలో. అయినా ఆమె ఏదైనా పదార్థాన్నో గిన్నెనో మెచ్చుకుంటే చాలు, మర్నాటికి దుకాణాల్లో దానికి విపరీతమైన గిరాకీ వచ్చేది. చివరికి ఆ ధోరణికి "డెలియా ఎఫెక్ట్" అన్న పేరే స్థిరపడింది. 1998లో ఆమె మొదలుపెట్టిన ఒక సిరీస్ గుడ్డు ఉడకబెట్టడం దగ్గర నుంచి వంట నేర్పింది, ఇంత చిన్న విషయమా అని తోటి షెఫ్‌లు కొందరు ఎగతాళి చేశారు కూడా. ఆ ఎగతాళి పట్టించుకోకుండా జనం గుడ్లు కొన్నారు, ఆమె చూపించిన చిన్న ఆమ్లెట్ పెనమూ కొన్నారు. ప్రకటన ఉన్నా లేకపోయినా తెరమీద నమ్మకమైన మనిషి చేతిలో కనిపించిన వస్తువు కొనాలనిపిస్తుంది. గుడ్డు కొంటే మంచిదే, అది చవక, పడి ఉండదు. ఏడాదికి ఒకసారి వాడే సామాను కొంటేనే ఇబ్బంది.

ఆరోగ్యం సంగతి కూడా ఒక్క మాట. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2012లో వచ్చిన ఒక అధ్యయనం టీవీ షెఫ్‌ల పుస్తకాల్లోని 100 వంటకాలను, సూపర్‌మార్కెట్లు అమ్మే 100 రెడీమేడ్ భోజనాలతో పోల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలన్నిటికీ సరితూగింది రెండు వైపులా ఒక్కటీ లేదు. షెఫ్‌ల వంటకాల్లో కేలరీలు, కొవ్వు ఎక్కువగా, పీచు తక్కువగా ఉన్నట్టు తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. వెన్న, క్రీమ్, చీజ్ రుచిని సులువుగా తెస్తాయి, కెమెరాలో మెరుస్తాయి. బడ్జెట్‌లో బరువయ్యేవీ అవే.

పొదుపు పేరుతో వచ్చే షోలు

తక్కువ ఖర్చు వంటలని ప్రత్యేకంగా చెప్పుకునే షోలు లేకపోలేదు. వీటిలో రెండు పద్ధతులు కనిపిస్తాయి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

మొదటి పద్ధతికి బ్రిటిష్ షెఫ్ జేమీ ఆలివర్ 2013లో చేసిన పొదుపు సిరీస్ ఉదాహరణ. పెద్ద మాంసం ముక్క ఒకటి కొని ఒకరోజు రోస్ట్ చేసి, మిగిలినదాన్ని తర్వాతి రోజుల్లో వేరే వంటకాలుగా మార్చడం. ఒక్క పూటతో ఆగకుండా వారం గురించి ఆలోచించింది కాబట్టి ఇది మామూలు షోల కంటే మెరుగే. కానీ ఆ పెద్ద ముక్క కొనడానికి మొదటిరోజే చేతిలో డబ్బుండాలి, ఇంట్లో ఓవెన్ ఉండాలి, మిగిలింది దాచడానికి ఫ్రీజర్‌లో చోటుండాలి. కిలోల్లో కొంటే గ్రాముకు తక్కువ పడుతుందన్న సూత్రం జీతం చేతికొచ్చిన రోజున పనిచేస్తుంది. రోజుకూలీ తెచ్చుకుని ఆ పూట సరుకు ఆ పూటే కొనుక్కునే ఇంట్లో పనిచేయదు.

రెండోది 2015లో బీబీసీలో మొదలైన ఈట్ వెల్ ఫర్ లెస్ లాంటివి. ఇక్కడ కథ వంటగదిలో కాకుండా దుకాణం బిల్లు దగ్గర మొదలవుతుంది. ఒక కుటుంబం వారమంతా ఏం కొంటోంది, అందులో ఏది పారేస్తోంది, ఏ ఖరీదైన బ్రాండుకు బదులు చవకది పెట్టినా ఇంట్లోవాళ్లు గుర్తుపట్టరు అని ముందు తేలుస్తారు, రెసిపీలు తర్వాత వస్తాయి. బ్రాండు పేరు కనబడకుండా చేసి తినిపించడం కాస్త తమాషాగా ఉంటుంది గానీ అందులో పాఠం గట్టిదే. అలవాటు మీద పెట్టే ఖర్చు ఎంత, రుచి మీద పెట్టే ఖర్చు ఎంత అన్నది అక్కడ విడిపోతుంది. పొదుపుకు దగ్గరగా వచ్చేది ఈ రెండో పద్ధతే, ఎందుకంటే ఇది వంటకాన్ని వదిలి బుట్టను చూస్తుంది.

ఇంటర్నెట్ వీడియోలు వచ్చాక పరిస్థితి కొంత మారింది. ఆపి, వెనక్కి జరిపి చూసుకోవచ్చు, "నా దగ్గర ఇది లేదు" అని వెతికి అది లేకుండా చేసేవాళ్లను పట్టుకోవచ్చు. సీసా లెక్క మాత్రం అక్కడా మారలేదు.

షోలోంచి ఏం తీసుకోవాలి?

రెసిపీ పక్కకు పెడితే ఈ కార్యక్రమాల్లో మిగిలేది చెయ్యి. కత్తి ఎలా పట్టుకుంటున్నారు, ఉప్పు ఒకేసారి వేస్తున్నారా దశలవారీగా వేస్తున్నారా, నూనె వేడెక్కిందని ఎలా పోల్చుకుంటున్నారు, మూకుడు కిక్కిరిసిపోకుండా రెండు వాయిలుగా ఎందుకు వేయిస్తున్నారు, అడుగంటిన సారాన్ని కాసిన్ని నీళ్లు పోసి ఎలా గీకి తీస్తున్నారు. ఇవి పుస్తకంలో చదివితే ఎక్కవు, చూస్తే ఎక్కుతాయి. ఇలా నేర్చుకున్న పద్ధతి వంద రెసిపీలకు పనికొస్తుంది, చవక సరుకును రుచిగా మార్చేది కూడా చాలావరకు ఇదే. ఖరీదైన పదార్థం చెయ్యి తిరగని వంటను కూడా కాపాడుతుంది, చవక పదార్థానికి ఆ వెసులుబాటు లేదు.

ఇంకో ఉపయోగం, ఒక పదార్థం ఆ వంటకంలో ఏం పని చేస్తోందో గమనించడం. నిమ్మరసం పులుపు కోసం వేస్తున్నారు, ఆ పని వెనిగరో పుల్లటి పెరుగో చేయగలదు. క్రీమ్ చిక్కదనం కోసమైతే ఉడికించి మెత్తగా మెదిపిన బంగాళదుంప చాలాసార్లు సరిపోతుంది. ఖరీదైన గింజలు కరకర కోసమే అయితే వేయించిన రొట్టెపొడి చల్లినా ఆ కరకర వస్తుంది. అన్నిసార్లూ కుదరదు: బేకింగ్‌లో పిండికీ కొవ్వుకీ బేకింగ్ పౌడర్‌కీ మధ్య నిష్పత్తి తప్పితే కేకు లేవదు, అక్కడ ప్రయోగం చేస్తే సరుకంతా దండగ. పొయ్యి మీద చేసే వంటల్లో మాత్రం మార్చుకునే చోటు చాలానే ఉంది. షోలు ఈ చోటు గురించి చెప్పేది తక్కువ, ఎందుకంటే "ఇది లేకపోతే అది" అని ప్రతి చోటా ఆగితే ఆ 22 నిమిషాలు చాలవు.

కావలసినవి రాసుకునేటప్పుడు ప్రతి వస్తువు ఎదురుగా ఇది ఇంట్లో ఉందా, లేకపోతే ఈ వారంలో ఇంకో రెండు పూటలు వాడతామా అని రాసుకోవడం ఇదే లెక్కకు కొనసాగింపు. రెండింటికీ లేదనే జవాబు వచ్చిన వస్తువులు రెండు దాటితే ఆ వంటకం రోజువారీది కాదు, పండగకో చుట్టాలొచ్చినప్పుడో చేసుకునేది. ఎంతమందికి సరిపడా చేస్తున్నారో కూడా ముందే చూసుకోవాలి. ఇద్దరున్న ఇంట్లో నలుగురి కొలత దించితే రెండో పూటకు అదే తినగలరా అన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం.

అన్నిటికంటే ఆర్భాటంగా కనిపించే పోటీ షోల్లో ఒక ఘట్టం మాత్రం సగటు ఇంటికి అనుకోకుండా బాగా దగ్గరగా ఉంటుంది. మాస్టర్‌షెఫ్‌లో మూత తీస్తే ఏముంటుందో తెలియని పెట్టె ఒకటి ముందు పెట్టి, ఇందులో ఉన్నవాటితో ఇంత టైమ్‌లో ఏదో ఒకటి చేయమంటారు. రెసిపీ లేదు, కొనుక్కొచ్చే వీలు లేదు, గడియారం తిరుగుతూ ఉంటుంది. రాత్రి ఏడింటికి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడినవాళ్ల పరిస్థితి కూడా అదే. పోటీదారు అక్కడ పెట్టెలోని వస్తువులను చూసి ఏది ముందు పాడవుతుంది, ఏది ఎక్కువసేపు ఉడకాలి, ఏది దేనితో కలుస్తుంది అని పైకే మాట్లాడుకుంటూ ఆలోచిస్తుంటే ఆ ఆలోచనను వినడం రాసి ఇచ్చిన పది రెసిపీల కంటే ఎక్కువ నేర్పుతుంది. కాకపోతే పోటీదారు వెనక నూనెలు, మసాలాలు, వెన్న, పిండి నింపిన అరలు కూడా ఉంటాయి, వాటికి బిల్లు వేయరు.